చేతికి చాలని పట్టీ

ఆ ఇంట్లో కుర్చీలు ఆరు ఉన్నాయి. వచ్చిపోయే మనిషి మాత్రం ఒక్కతే.

గుమ్మంలో నిలబడి జిడ్డు ఆ కుర్చీల వంకే చూస్తున్నాడు. జిడ్డు అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. పోలీసు శాఖలో ఉన్న రోజుల్లో, ఒక ప్రశ్న పట్టుకున్నాడంటే ఎదుటివాడు ఏడ్చి మొత్తుకున్నా వదలడని సాటివాళ్ళు తగిలించిన పేరు. ఉద్యోగం మానేసి, ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నాక కూడా ఆ పేరు ఆయన్ని వదల్లేదు. జిడ్డు కదా మరి.

"చూడ్డం అయిందా గురువుగారూ?" అన్నాడు వెనకనుంచి ఇన్‌స్పెక్టర్. ఒకప్పుడు జిడ్డు దగ్గరే పని నేర్చుకున్న మనిషి. ఆ పిలుపులో ఇప్పుడు గౌరవం పావలా, వెటకారం ముప్పావలా. "సాయంత్రం ఈవిణ్ణి కోర్టులో హాజరుపరచాలి. మీ ముఖం చూసి ఒక గంట ఇచ్చాను. మళ్ళీ బతిమాలొద్దు."

"నిన్నెప్పుడు బతిమాలానయ్యా?"

"ఇప్పుడు బతిమాలతారు."

ఈవిడంటే నర్సు. గోడకి ఆనుకుని నిలబడింది. పక్కన మహిళా కానిస్టేబులు ఉంది. పెద్ద చదువు చదివిన నర్సు కాదు. ఇళ్ళకి వెళ్ళి బీపీ చూసి, మాత్రలు ఇచ్చి, మంచాన పడ్డవాళ్ళకి పక్కలు మార్చే మనిషి. ముప్పై దాటి ఉంటాయి. రాత్రంతా స్టేషన్లో కూర్చోబెట్టారేమో, కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. ఆమె తల్లి నిన్న జిడ్డు ఇంటికొచ్చి కాళ్ళావేళ్ళా పడింది. మా పిల్ల చీమకి కూడా హాని తలపెట్టదు బాబూ అంది. ప్రతి తల్లీ అనేదే అది. జిడ్డు ఆ మాట నమ్మి రాలేదు. కేసు వివరాలు విన్నాక ఒక ప్రశ్న ఆయన్ని పట్టుకుంది, అందుకని వచ్చాడు.

చనిపోయిన మనిషిని ఈ వీధిలో అందరూ ఆపరేటర్ అనే పిలుస్తారు. సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపినవాడు. ముందు హాలు మూతపడింది, తర్వాత భార్య పోయింది, పిల్లలు లేరు. మూడో అంతస్తులో ఈ రెండు గదుల వాటాలో ఒక్కడే ఉండేవాడు. మొన్న పొద్దున్న నర్సు వచ్చి గంట నొక్కింది. లోపలినుంచి "వస్తున్నా, వస్తున్నా" అన్న గొంతు, ఆ వెంటనే దబ్బుమన్న చప్పుడు. వడ్రంగిని పిలిచి తలుపు పగలగొట్టించేసరికి ఆపరేటర్ గుమ్మం పక్క ఇనప స్టాండుకి తల కొట్టుకుని పడి ఉన్నాడు. ప్రాణం లేదు.

"తలుపు బయట ఉన్న మనిషి లోపలివాణ్ణి తోసి చంపిందంటావా?" అన్నాడు జిడ్డు.

"తోసిందని నేననలేదే. మత్తెక్కించి పడేసింది." ఇన్‌స్పెక్టర్ వేళ్ళు విరుచుకుంటూ మొదలుపెట్టాడు. "మంచం పక్కన ముందురోజు రాత్రి పాలు తాగిన గ్లాసు దొరికింది. ల్యాబుకి పంపాం. అడుగున బీపీ మాత్రల పొడి ఉంది. ఒకటి కాదు, మూడు రకాలు. పాలల్లో కలిపింది ఎవరు? సాయంత్రం పాలు కాచి ఇచ్చింది ఎవరు? పోనీ ఇది వదిలేయండి. పది రోజుల కిందట ఎదురు వాటావిడ చెవులారా విన్నది, 'ఇంకోసారి ఇలా చేశారంటే నేనే మిమ్మల్ని చంపేస్తా' అని ఈవిడ అరిచింది."

"మా అమ్మ నన్ను రోజుకి నాలుగుసార్లు చంపేస్తాననేది. చూడు, ఇంకా బతికే ఉన్నాను."

"అన్నిటికీ వేళాకోళమేనా? ఇంకోటి వినండి. ఆపరేటరే చచ్చిపోయే రెండు రోజుల ముందు ఎదురింటావిడతో అన్నాడట, 'ఈ మధ్య పాలు చేదుగా ఉంటున్నాయండీ' అని."

జిడ్డుని పట్టుకున్న ప్రశ్న అక్కడే ఉంది. పాలు చేదని తెలిసినవాడు ఒక పూట తాగుతాడు, రెండో పూట పారబోస్తాడు. ఈయన చివరి రాత్రి కూడా గ్లాసు ఖాళీ చేసి పెట్టాడు. ఎందుకు తాగాడు?

పొద్దున్నుంచీ జిడ్డుకి తల వెనక పోటుగా ఉంది. ఈ మధ్య రోజూ ఉంటోంది. కాఫీ లేటయితే అంతేలే అని సరిపెట్టుకుంటున్నాడు. ఆ పోటుతోనే వెళ్ళి ఎదురు వాటా తలుపు కొట్టాడు.

ఆవిణ్ణి వీధంతా కెమెరా పిన్ని అంటుంది. తలుపు సందులోంచి ఆవిడ చూడకుండా ఆ మెట్లెక్కినవాడు లేడు. అడగ్గానే చెప్పేసింది, ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తున్నట్టు.

"ఆపరేటరు గారికి అంత జబ్బేంటండీ, మొన్నమొన్నటి దాకా మెట్లు రెండేసి ఎక్కేవారు. పొద్దున్నే కిందకెళ్ళి పేపరు తెచ్చుకునేవారు. ఈ పది రోజుల్లోనే మనిషి ఎలాగో అయిపోయారు. తలుపు తీసి నిలబడితే తూలిపోయేవారు."

"మరి ఆస్పత్రికి వెళ్ళమని చెప్పలేదా పిన్నిగారూ?"

"చెప్పకేం! మెట్లు దిగలేనండీ అనేవారు. అదీ తూలడం మొదలవక ముందు మాట! పేపరుకి దిగే మెట్లు ఆస్పత్రికి అడ్డొచ్చాయా అని నేనే అడిగా. నవ్వేసి తలుపేసుకున్నారు."

"పాలు చేదన్నారా?"

"అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఫిర్యాదులా అన్లేదు." ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "ఆయన నాతో మాట్లాడిందే తక్కువండీ. నేనూ చూసేదాన్నే గానీ పలకరించేదాన్ని కాదు."

ఆ చివరి మాట ఆవిడని ఎవరూ అడగలేదు. తనే చెప్పి, తనే తలుపు మూసుకుంది.

జిడ్డు తిరిగి వచ్చి కుర్చీల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మూతపడ్డ హాల్లోంచి తెచ్చుకున్న పాత చెక్క కుర్చీలు. మంచం దగ్గర మొదలై గుమ్మం వైపుగా ఒకదాని వెనక ఒకటి, మనిషి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాయి. చివరి కుర్చీకీ తలుపుకీ మధ్య మాత్రం రెండడుగుల ఖాళీ.

"హాలు జ్ఞాపకంగా దాచుకున్నాడు లెండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పెద్దవాళ్ళకి ఇలాంటి పిచ్చి ఉంటుంది."

"కూర్చునే చోట వేలు పెట్టి చూడు."

ఇన్‌స్పెక్టర్ చూశాడు. వేలికి దుమ్ము అంటుకుంది.

"ఇప్పుడు వీపు ఆనించే పలక పైఅంచు చూడు."

అది నున్నగా, చెమటా నూనే పట్టి మెరుస్తోంది. ఆరు కుర్చీలదీ అదే తంతు.

"ఎవరూ కూర్చోలేదు. కానీ ఎవరో పట్టుకున్నారు. మంచం మీంచి లేచి, ఒక్కో కుర్చీ పట్టుకుంటూ తలుపు దాకా నడిచాడయ్యా ఈ మనిషి." జిడ్డు నర్సు వైపు తిరిగాడు. "కుర్చీలు ఇలా ఎప్పుడు పెట్టారమ్మా?"

"వారం కిందట సార్. ఎవరైనా వస్తే కూర్చోడానికి అన్నారు."

"ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదు సార్."

"నీకు తాళంచెవి ఇవ్వచ్చుగా? రోజూ రెండు పూటలా వచ్చే మనిషివి."

"అడిగాను. తలుపు నేనే తీస్తా అమ్మాయీ అనేవారు. మనిషి వస్తే తలుపు తియ్యడానికి కూడా లేకపోతే ఇంట్లో ఉండి ఏం లాభం అనేవారు."

 జిడ్డు లేచి నిలబడ్డాడు.

"నిన్న స్టేషన్లో ఒకటి దాచావు. మాత్రలు ఆయనే వేసుకునేవారని చెప్పావు. పాలల్లో నువ్వే కలిపావు. అవునా?"

నర్సు తల దించుకుంది. ఇన్‌స్పెక్టర్ గెలిచినట్టు చేతులు కట్టుకున్నాడు.

"అవును సార్. భయమేసి చెప్పలేదు." "ఆయన మాత్రలు మింగినట్టే మింగి, నేను అటు తిరగ్గానే ఉమ్మేస్తున్నారని దిండు కింద చూస్తే తెలిసింది. బీపీ చూస్తే ఆకాశంలో ఉంది. ఏ క్షణాన పక్షవాతం వస్తుందో, నెత్తురు నాళం చిట్లుతుందో అని నాకు నిద్ర పట్టేది కాదు. ఆ కోపంలోనే చంపేస్తానన్నా. పెద్దాయన నవ్వారు. ఆ సాయంత్రం నుంచీ పొడి చేసి పాలల్లో కలిపి, పంచదార ఎక్కువేసి ఇచ్చాను. డాక్టరు గారు రాసినంతే సార్. ఒక్క మాత్ర ఎక్కువ వెయ్యలేదు."

"రాసినంతే ఇస్తే అంత పెద్ద మనిషి కుప్పకూలిపోతాడా?" ఇన్‌స్పెక్టర్ గద్దించాడు. "ఎక్కువ వేశావు."

"డాక్టరు రాసినంతే వేసింది," అన్నాడు జిడ్డు. "రాసిందే ఎక్కువ."

"డాక్టరు మీద పెడతారా ఇప్పుడు?"

"పొద్దున్న ఆయన్ని కలిసే వచ్చాను. ఆపరేటర్ని ఆయన చూసింది ఒక్కసారే, ఏడాది కిందట. అప్పుడు కాస్త ఎక్కువుంటే చిన్న మాత్ర ఒకటి రాశాడు. ఆ తర్వాతంతా ఫోనులోనే. ఈ పిల్ల అంకెలు చెప్పడం, ఆయన మోతాదు పెంచడం. మాత్ర రెండయింది, తగ్గలేదు. ఇంకో రకం చేర్చాడు, తగ్గలేదు. మూడోది చేర్చాడు. ఆస్పత్రికి తీసుకురండి అని మూడుసార్లు అన్నాడట. ఈయన దిగనన్నాడు." జిడ్డు నర్సు దగ్గరికి నడిచాడు. "అంకె ఎప్పటినుంచి పెరిగిందమ్మా?"

"మిషన్ కొన్న కొత్తలో మామూలుగానే ఉండేది సార్. ఇక రోజూ చూడక్కర్లేదు, నెలకోసారి వస్తే చాలు అని చెప్పాను. తర్వాతి నెల వచ్చేసరికి ఉన్నట్టుండి పెరిగిపోయింది. అప్పట్నుంచీ వారానికోసారి, తర్వాత రోజూ, తర్వాత రెండు పూటలా."

"మిషన్ ఏదీ?"

బీపీ మిషన్ కిటికీ దగ్గర బల్లమీద, దాని పెట్టెలోనే ఉంది. జిడ్డు మూత తీశాడు. మిషన్‌కి ఒక గూడు, చేతికి చుట్టే పట్టీకి ఒక గూడు. ఆ పక్కన వెడల్పుగా ఇంకో గూడు ఖాళీగా ఉంది.

"ఇందులో ఏముండేది?"

"పెద్ద పట్టీ సార్. ముందు దాంతోనే చూసేదాన్ని. చిరిగిపోయిందన్నారు, అందుకని ఈ రెండోది వాడుతున్నాం. ఆయనకి సరిగ్గా అంటుకునేది కాదు, ఊడొచ్చేది. నేను పట్టుకుంటాలే అని ఇంకో చేత్తో ఆయనే నొక్కి పట్టుకునేవారు."

జిడ్డు ఆ పట్టీని వెలుతురుకి పెట్టి చూశాడు. సన్నగా, పొట్టిగా ఉంది. పిల్లలకీ, బక్కచిక్కిన చేతులకీ వాడేది. నలభై ఏళ్ళు ఇనప రీలు డబ్బాలు మోసిన ఆపరేటర్ చెయ్యి పోస్ట్‌మార్టం ఫొటోలో చూశాడాయన. మోచేతి పైన దండ దుంగలా ఉంది.

"నా చెయ్యి కూడా లావేగా. చూడమ్మా నాకు," అంటూ జిడ్డు చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చున్నాడు.

"టైము పోతోంది గురువుగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్ విసుగ్గా.

"గంట ఇచ్చావుగా. ఇంకా అయిపోలేదు."

నర్సు దగ్గరికొచ్చింది. మిషన్ ముట్టుకోగానే ఆమె చేతులు వాటంతట అవే పనిలో పడ్డాయి. పని అలవాటు అలాంటిది. "వీపు ఆనించి కూర్చోండి సార్. కాలు మీద కాలు తీసెయ్యండి. చెయ్యి గుండె ఎత్తులో, ఈ బల్ల మీద పెట్టండి. అయిదు నిమిషాలు ఊరికే ఉండాలి. మాట్లాడకూడదు. మాట్లాడితే అంకె పెరుగుతుంది."

"ఆయన మాట్లాడకుండా ఉండడమే!" అని ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. కానిస్టేబులు కూడా నవ్వాపుకుంది.

జిడ్డు నోరు మూసుకున్నాడు. నర్సు పట్టీ చుట్టి, జారిపోకుండా తన అరచేత్తో అదిమి పట్టుకుని పక్కనే కూర్చుంది. ఆ అయిదు నిమిషాలూ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆమె వేళ్ళ వెచ్చదనం ఆయన మోచేతి పైన తెలుస్తోంది. తన చెయ్యి ఒక మనిషి పట్టుకుని ఎన్నాళ్ళయిందా అని జిడ్డు ఆలోచించాడు. సంతలో భుజాలు రాసుకున్నవి ఉన్నాయి. చిల్లర ఇచ్చేటప్పుడు వేళ్ళు తగిలినవి ఉన్నాయి. ఎలా ఉన్నావని చెయ్యి పట్టుకున్నది మాత్రం గుర్తుకు రాలేదు. వెతికి వెతికి ఆయన మనసు చాలా ఏళ్ళు వెనక్కి వెళ్ళి అక్కడా ఏమీ దొరక్క తిరిగొచ్చింది.

అప్పుడు అర్థమైంది ఆయనకి. పాలు ఎందుకు తాగాడో, మెట్లు ఎందుకు దిగనన్నాడో, ఆస్పత్రిలో ఉండే పెద్ద పట్టీకి ఎందుకు దొరకలేదో.  మాట్లాడకూడదు గనక మాట్లాడలేదు.

పట్టీ బిగుసుకుంది. చెయ్యి పగిలిపోతుందేమో అనిపించింది. తర్వాత మెల్లగా వదిలింది.

"రెండువందల పన్నెండు బై నూట పద్దెనిమిది!" నర్సు కంగారుపడింది. "సార్, ఇది చాలా ఎక్కువ!"

"కంగారు పడకు. చెయ్యి లావు, పట్టీ చిన్న. చిన్న పట్టీ లావు చేతిని నొక్కాలంటే ఎక్కువ బలం కావాలి. ఆ ఎక్కువ బలాన్నే మిషన్ బీపీ అనుకుంటుంది. మొన్న మా అన్నయ్యకి ఆస్పత్రిలో ఇలాగే అయితే, డాక్టరు పెద్ద పట్టీ తెప్పించి మళ్ళీ చూశాడు." జిడ్డు లేవబోయి, ఎందుకో ఒక్క క్షణం బల్ల పట్టుకుని నిలబడ్డాడు. "పెద్దది చిరగలేదు. ఈ ఇంట్లోనే ఉంది."

"ఇల్లంతా వెతికించాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"బీరువా వెతికించావు. పరుపు వెతికించావు. ఆ డబ్బాలు?"

అటక కింద గోడ పొడుగునా గుండ్రటి ఇనప రీలు డబ్బాలు దొంతులుగా పేర్చి ఉన్నాయి.

"పైవి తీసి చూశారు. పాత ఫిల్ము ముక్కలు."

"పైవి చూసి వదిలేశారన్నమాట. నీకు నేను నేర్పిన పని ఇదేనా? జీవితమంతా డబ్బాలు తెరిచి మూసినవాడు దాచుకునేది డబ్బాలో కాక ఎక్కడ దాచుకుంటాడయ్యా?"

ఇన్‌స్పెక్టర్ ముఖం ఎర్రబడింది. జిడ్డు ఒక్కో దొంతి ముందూ కూర్చుని మూతల అంచులు చూసుకుంటూ పోయాడు. అన్నీ తుప్పు పట్టి అతుక్కుపోయి ఉన్నాయి. కింది వరసలో, మంచం మీంచి చెయ్యి చాపితే అందేచోట ఉన్న ఒక్క డబ్బా అంచు మాత్రం తుప్పు రాలి, మెరుస్తోంది. లాగి మూత తిప్పాడు. తేలిగ్గా వచ్చేసింది.

లోపల గుప్పెళ్ళకొద్దీ మాత్రలు. కొన్ని తడిసి రంగు మారినవి, నోట్లో పెట్టుకుని ఉమ్మినవి. పారెయ్యడానికి మనసొప్పని మనిషి పోగుచేసుకున్నట్టు ఉన్నాయి. వాటి కింద, శుభ్రంగా చుట్టిపెట్టిన పెద్ద పట్టీ. ఎక్కడా చిరగలేదు.

 ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చి, చేతి రుమాలుతో ఆ పట్టీ తీసి తిప్పి చూశాడు. వెటకారం ముఖంలోంచి పోయింది. చెడ్డ పోలీసు కాడతను, తొందర పోలీసు.

"తనే మార్చాడా?" అన్నాడు మెల్లగా. "తన బీపీ తనే పెంచి చూపించుకున్నాడా? ఏం వచ్చింది గురువుగారూ అతనికి దానివల్ల?"

"ముందు అది తప్పని రుజువు కానీ. పద, నా చేతికే చుట్టమను. అంకె ఎంత తగ్గితే నీ కేసు అంత తగ్గుతుంది."

మళ్ళీ అయిదు నిమిషాలు. ఈసారి పట్టీ చేతి చుట్టూ నిండుగా వచ్చి, తనంతట తనే అంటుకుంది. నర్సు పట్టుకోవలసిన పని లేకపోయింది. ఆమె చెయ్యి తీసేసింది. తీసేసినచోట చల్లగా అనిపించి జిడ్డు తనమీద తనే చిరాకుపడ్డాడు.

"నూట ఎనభై ఆరు బై నూట ఎనిమిది," అంది నర్సు.

"చూశావా! పై అంకె ఇరవై ఆరు తేడా!" జిడ్డు ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "అసలు ఆపరేటర్‌కి చిన్న మాత్రతో సరిపోయే బీపీయే. దాని మీద మూడు రకాల మందులు పాలల్లో పడ్డాయి. పడుకున్నంతసేపూ బాగానే ఉంటాడు, చిన్న పట్టీతో చూస్తే అంకె కూడా మామూలుకి దిగినట్టే కనిపిస్తుంది. లేచి నిలబడితే నెత్తురు కాళ్ళలోకి దిగిపోతుంది, తలకి అందదు. కళ్ళు తిరుగుతాయి. అందుకే కుర్చీలు. మొన్న గంట మోగింది, ఆత్రంగా లేచాడు, ఆరు కుర్చీలూ దాటాడు. గొళ్ళెం తియ్యడానికి ఆఖరి కుర్చీ వదిలాడు."

ఇన్‌స్పెక్టర్ ఆ రెండడుగుల ఖాళీ వంక చూశాడు. తర్వాత ఫైలు మూశాడు.

"హత్య అన్న మాట తీసేస్తున్నా. డాక్టరు వాంగ్మూలం తీసుకుని కోర్టుకి ఉన్నదున్నట్టు చెబుతా. మందు చెప్పకుండా కలపడం తప్పే, దానికి జవాబు చెప్పుకోవాలి. కానీ ఈవిడ ఇవాళ ఇంటికి వెళ్తుంది." గొంతు సవరించుకున్నాడు. "గురువుగారూ, డబ్బాలు వెతికించకపోవడం నా తప్పే."

ఈసారి ఆ పిలుపు పూర్తి రూపాయి పలికింది.

విడిచిపెట్టారని విన్నా నర్సు ముఖంలో వెలుగు రాలేదు. డబ్బాలోని మాత్రల వంకే చూస్తోంది.

"ఆయనకి బీపీ లేదా సార్?"

"కొంచెమే ఉందమ్మా."

"మరి ఎందుకు చేశారిలా? ఎందుకు ఎక్కువ చూపించుకున్నారు?"

అబద్ధం చెబుదామా అనుకున్నాడు జిడ్డు. ముసలితనం, చాదస్తం, ఏదో ఒకటి. కానీ ఆమె ఈ ప్రశ్నతో జీవితాంతం పడుకుని లేవాలి. తప్పుడు జవాబు ఎన్నాళ్ళో నిలవదు.

"నెలకోసారి వస్తే చాలని చెప్పావు కదమ్మా," అన్నాడు. "ఆయనకి చాల్లేదు."

 నర్సు గోడకి జారి కింద కూర్చుండిపోయింది. కానిస్టేబులు ఆమె భుజం పట్టుకుంది.

"నేను కలిపిన సంగతి ఆయనకి తెలీదు కదా సార్? తెలిసి ఉంటే తాగేవారు కాదు కదా? రోజూ అడిగేదాన్ని సార్, పంచదార సరిపోయిందా అని. బాగా తియ్యగా ఉన్నాయి అమ్మాయీ అనేవారు. గ్లాసు ఖాళీ చేసి నా చేతికిచ్చేవారు. చివరి రోజు మాత్రం, చల్లారాక మెల్లగా తాగుతా, చీకటి పడుతోంది నువ్వెళ్ళు అన్నారు."

ఇన్‌స్పెక్టర్ చేతిలో ఫైలు ఉంది. అందులో కెమెరా పిన్ని వాంగ్మూలం ఉంది. పాలు చేదుగా ఉంటున్నాయన్న మాట అందులో ఉంది. అతను జిడ్డు వంక చూశాడు, జిడ్డు అతని వంక చూశాడు. ఆ పాలు వద్దనాలంటే ఆ పెద్దాయన తనకి మాత్రలు అక్కర్లేదని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే మర్నాడు గంట మోగదు. ఆపరేటర్ ప్రతి సాయంత్రం ఆ రెండిట్లో ఒకటి ఎంచుకుని, గ్లాసు ఎత్తి తాగేశాడు.

ఇద్దరిలో ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆమె వాళ్ళ ముఖాలు చూసింది. చూసి, రెండు చేతుల్లో తల పెట్టుకుని ఏడ్చింది. చిన్నపిల్ల ఏడ్చినట్టు, ఆపుకోకుండా ఏడ్చింది. జిడ్డుకి ఓదార్చడం చేతకాదు. ప్రశ్నలు వెయ్యడమే వచ్చు. ఇప్పుడు వెయ్యడానికి ప్రశ్న కూడా మిగల్లేదు. అంత ఒంటరిగా తను ఎప్పుడూ నిలబడలేదనిపించింది.

"వెళ్దాం," అన్నాడు చివరికి, డబ్బా ఇన్‌స్పెక్టర్‌కి అందించి.

నాలుగడుగులు వేశాడో లేదో, తల వెనక పోటు ఒక్కసారిగా ముందుకి పొడుచుకొచ్చింది. గది పక్కకి ఒరిగింది. చెయ్యి గాల్లో దేనికోసమో వెతికి, ఒక కుర్చీ వీపు దొరకబుచ్చుకుంది. నున్నటి అంచు. ఆపరేటర్ చెయ్యి అరగదీసిన అంచు.

"గురువుగారూ!" ఇన్‌స్పెక్టర్ గొంతు ఎక్కడో దూరంనుంచి వినిపించింది.

"ఏం లేదయ్యా. పొద్దున్న కాఫీ తాగలేదు."

నర్సు ఏడుపు ఆపి తలెత్తింది. చెంపలు తుడుచుకోకుండానే లేచి నిలబడింది.

"సార్, ఇందాకటి రెండో అంకె. అది పెద్ద పట్టీతో చూసింది."

 కేసు కోసం జిడ్డు తేడా ఒక్కటే లెక్కేసుకున్నాడు గానీ, మిగిలిన అంకె తనదని తట్టనేలేదు.

"అది నిజమైనది సార్. నూట ఎనభై ఆరు. తలపోటు ఎన్నాళ్ళనుంచి?"

"ఈ మధ్యే."

"మాత్రలేమన్నా వాడుతున్నారా?"

"లేదు."

"ఇంట్లో చూసుకునేవాళ్ళు ఎవరున్నారు?"

జీవితంలో వెయ్యిమందిని నిలదీసిన మనిషి ఈ చిన్న ప్రశ్నకి తడబడ్డాడు. ఉన్నారనబోయాడు. ఆ అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఎవరూ లేరమ్మా."

"ఇన్‌స్పెక్టర్ గారూ, జీపు మెట్ల దగ్గరికి తెప్పించండి. ఇప్పుడే ఆస్పత్రికి వెళ్ళాలి," అంది నర్సు. నిమిషం కిందటి దాకా ముద్దాయిగా ఉన్న మనిషి ఆజ్ఞాపిస్తుంటే ఇన్‌స్పెక్టర్ మారు మాట్లాడకుండా ఫోను తీశాడు.

జిడ్డు నడిచాడు. ఒక కుర్చీ, తర్వాత ఇంకో కుర్చీ. ఆఖరి దాని దగ్గర ఆగాడు. ముందు ఖాళీ, అవతల పగిలిన తలుపు. పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆ మనిషి ఇక్కడ నిలబడి బయటి గంట విని ఎంత సంతోషపడి ఉంటాడో ఆయనకి తెలిసిపోయింది.

"ఆస్పత్రికి నువ్వు రానక్కర్లేదమ్మా. మీ అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది. నాకు అలవాటే, ఒక్కణ్ణే..."

"మాట్లాడకండి సార్. ఇంకా మెట్లున్నాయి," అని నర్సు చెయ్యి చాపింది.

ఆపరేటర్ పడిన ఆ రెండడుగుల చోటునీ జిడ్డు ఆమె చెయ్యి పట్టుకుని దాటాడు.